దుంగలో మేకులు పట్టడానికి ఏ మెటల్ డిటెక్టర్ కొనాలి?

హైదరాబాద్‌లో రోడ్డు పక్కన కొట్టేసిన వేప, తుమ్మ దుంగల్ని కోయించే ముందు మేకులు వెతకడానికి ఏది మంచిదని అడిగారు. మాల్ గేటు దగ్గర వాడే చేతి డిటెక్టర్ చవకే, కానీ పైపైన ఉన్న మేకులనే పడుతుంది. మన రోడ్డు చెట్లకు ఎప్పుడో టు-లెట్ బోర్డు కోసం కొట్టిన మేకు మీద ఏళ్ల తరబడి చెక్క పెరిగి, అది లోపలికి పోతుంది. అందుకే గుండ్రటి కాయిల్‌తో నేల మీద వెతికే రకం తీసుకోండి. ఇనుమును వదిలేసే డిస్క్రిమినేషన్ సెట్టింగ్ మాత్రం తప్పకుండా ఆపేయాలి, మనకు కావాల్సిందే ఇనుము! పెద్ద కాయిల్ లోతుకు చూస్తుంది గానీ చిన్న మేకును దాటేయొచ్చు. అదీ లావు దుంగ నడిమి దాకా చూడలేదు, కాబట్టి ఒక్కో పలక తీశాక మళ్లీ డిటెక్టర్ తిప్పి చూడండి. కోసిన చోట నీలి నలుపు మరక కనిపిస్తే వెంటనే రంపం ఆపించండి, దగ్గర్లోనే మేకు ఉండొచ్చు.