వాటర్‌మార్క్ సూచనల్ని స్పానిష్‌లోకి మార్చేముందు కాగితం చేతిలో ఉండాలి

సర్టిఫికెట్ వెనక ఇంగ్లీషులో ఉన్న భద్రతా సూచనల్ని స్పానిష్‌లోకి మార్చాలి, మాటకి మాట పెడితే సరిపోతుందా, ‘వాయిడ్’ (చెల్లదు) అన్న మాటని కూడా మార్చాలా అని కదా మీరు అడిగింది. సరిపోదండి. నేను అలా చేసి దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నా.

నా మొదటి పనిలో, వాటర్‌మార్క్ కోసం కాగితాన్ని వెలుతురుకి ఎదురుగా ఎత్తి చూడమని ఇంగ్లీషులో ఉంటే నేను ‘బాహో లా లూస్’ అని రాశాను. అంటే లైటు కింద. తనిఖీ చేసే ఆయన అక్కడున్నట్టే సర్టిఫికెట్‌ని టేబుల్ మీద పరిచి పైనుంచి లైటు వేసి చూశాడు, ఏమీ కనపడలేదు. కనపడదు కూడా, ఎందుకంటే అసలైన వాటర్‌మార్క్ కాగితం తయారయ్యేటప్పుడే దాని మందంలో హెచ్చుతగ్గులు తెచ్చి వేసే బొమ్మ, వెనకనుంచి వెలుతురు కాగితంలోంచి వస్తేనే తేలుతుంది. నిక్షేపంలాంటి సర్టిఫికెట్ అనుమానాస్పదమని తిరిగొచ్చింది, పాపం ఆ సర్టిఫికెట్ గల మనిషికి ఎంత టెన్షనో. రాయాల్సింది ‘అల్ త్రస్లూస్’. సరిగ్గా ఈ పనికే స్పానిష్‌లో ఉన్న మాట అది.

అయితే అన్నిచోట్లా అదే పెట్టేయకండి. కృత్రిమ వాటర్‌మార్క్ అని ఇంకోటి ఉంటుంది, అది కాగితం మీద లేత సిరాతో అచ్చేసింది, కాగితాన్ని వంచి ఏటవాలుగా చూస్తే కనపడుతుంది, అక్కడ ‘ఇంక్లీనె’ అనాలి. ఇంగ్లీషులో రెండింటికీ వాటర్‌మార్క్ అనే రాసి ఉండొచ్చు, తేడా కాగితం చేతిలో ఉంటేనే తెలుస్తుంది. వేడికి రంగు పోయే సిరా కూడా అంతే. వేలితో రుద్దితే మాయమై, చల్లారాక మళ్లీ వస్తుంది. దానికి ‘ఫ్రోతె’ సరైన మాట, ‘రాస్పె’ అంటే గీకమని అర్థం, గోటితో గీకి కాగితాన్ని పాడుచేస్తారు.

‘వాయిడ్’ సంగతి: ఫొటోకాపీ తీస్తే కాపీ మీద తేలేది ఇంగ్లీషు అక్షరాలే, మీరు దాని స్పానిష్ మాట ‘నూలో’ అని మాత్రమే రాస్తే చదివేవాళ్లు కాపీ మీద ‘నూలో’ కోసం వెతుకుతారు. కాబట్టి అచ్చులో ఉన్న మాటని కొటేషన్లలో అలాగే ఉంచి, పక్కన అర్థంగా ‘నూలో’ ఇవ్వండి. ఫారమ్‌నే స్పానిష్‌లో కొత్తగా అచ్చు వేస్తుంటే, కాపీలో ఏ మాట తేలుతుందో ప్రింటర్‌ని ముందే అడగాలి.

పదాల కోసం మామూలు నిఘంటువు మీద ఆధారపడకండి. యూరోపియన్ యూనియన్ కౌన్సిల్ వాళ్లు గుర్తింపు, ప్రయాణ పత్రాల గురించి నడిపే ‘ప్రాడో’ వెబ్‌సైట్‌లో భద్రతా పత్రాల పదకోశం స్పానిష్‌లోనూ ఉంది, పాస్‌పోర్టులకి సంబంధించి ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) డాక్యుమెంట్ 9303 కూడా స్పానిష్‌లో దొరుకుతుంది. క్రియల తీరు పట్టుబడాలంటే యూరో నోట్ల సూచన చూడండి: ‘తోకె, మీరె, హీరె’, అంటే తాకండి, చూడండి, తిప్పండి. ఒక్కో చేష్టకి ఒక్కో మాట, మూడూ ‘ఉస్తేద్’ (మీరు) మర్యాదలోనే. మీరూ అలాగే ఒకే రూపం పట్టుకోండి, మధ్యలో ‘తూ’ (నువ్వు)లోకి జారొద్దు.

ఇంకొకటి, ‘ఈ గుర్తులు లేకపోతే నకిలీ కావచ్చు’ అని ఉంటే ‘కావచ్చు’ని వదిలేయకండి, ‘పుయెదె’ కచ్చితంగా పెట్టండి. ఆ ఒక్క మాట ఎగిరిపోతే మంచి కాగితం ఉన్నవాళ్లే ఇబ్బంది పడతారు. అంతా అయ్యాక ఇంగ్లీషు రాని స్పానిష్ మనిషి ఒకరికి కాగితం, మీ అనువాదం ఇచ్చి, మీరు నోరు విప్పకుండా వాళ్ల చేతులు చూడండి. నేనిప్పుడు ఇలా చూడకుండా ఏదీ పంపను.