రేడియో జవాబులు: ముందు గోల తగ్గించు

ప్రశ్న: సార్, 475 కిలోహెర్ట్జ్ దగ్గర హామ్ (సరదా కోసం రేడియో నడిపేవాళ్ళ) సిగ్నల్స్ వినాలని బంగ్లా మీద 20 మీటర్ల వైరు కట్టాను. గర్రుమనే చప్పుడు తప్ప ఏమీ రావట్లేదు. వైరు ఇంకా పెంచాలా, లూప్ (చట్రానికి తీగ చుట్టిన ఏంటెన్నా) చేసుకోవాలా?
– ఇంటర్ విద్యార్థి, జమ్మికుంట

జవాబు: వైరు పెంచకు తమ్ముడూ, దాంతోపాటు చప్పుడూ పెరుగుతుంది. 475 అంటే 630 మీటర్ల తరంగం. దాని ముందు 20 మీటర్లైనా 40 మీటర్లైనా పొట్టివే. అసలు ఇక్కడ కొరత సిగ్నల్‌ది కాదు. ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్, ఫ్యాన్ రెగ్యులేటర్ పుట్టించే గోల ఇంటి కరెంటు వైర్ల వెంట వచ్చి నీ ఏంటెన్నాలోకి ఎక్కుతోంది. పైగా మీ ఊరి మీదుగా కాజీపేట–బల్లార్షా రైలు లైను, దాని 25 కిలోవోల్టుల తీగలు.

లూప్ చెయ్యి. మూలకు మూల 1.4 మీటర్లు ఉండేలా రెండు కర్ర బద్దలను ఒకదానికొకటి అడ్డంగా, గుణకారం గుర్తులా బిగిస్తే ఒక మీటరు భుజాల చదరం వస్తుంది. బోరు మోటార్లు చుట్టే షాపులో 20 గేజ్ ఎనామిల్ రాగి తీగ అడుగు, పావుకిలో చాలు. చుట్టుకూ చుట్టుకూ అర సెంటీమీటరు వదిలి 10 చుట్లు వెయ్యి. ఇండక్టెన్స్ సుమారు 300 మైక్రోహెన్రీలు ఉంటుంది. పాత వాల్వు రేడియోలోని 500 పికోఫారడ్ల గ్యాంగ్ కండెన్సర్‌ను (స్టేషన్ మార్చడానికి తిప్పేది) తీగ రెండు కొసలకు కలిపితే, 370 పికోఫారడ్ల దగ్గర 475 కిలోహెర్ట్జ్‌కి ట్యూన్ అవుతుంది. హామ్‌ల మరో బ్యాండ్ 137 కిలోహెర్ట్జ్ కూడా కావాలంటే 4,500 పికోఫారడ్ల దాకా కావాలి. మైకా కండెన్సర్లను గ్యాంగ్‌కి సమాంతరంగా (ప్యారలల్‌గా) కలిపి ఆ లోటు నింపు, సన్న ట్యూనింగ్‌కి గ్యాంగ్ ఉంటుంది. లోపల విడిగా ఒక్క చుట్టు వేసి, దాన్నుంచి కోయాక్సియల్ కేబుల్‌తో రిసీవర్‌కి వెళ్ళు.

ఇక తిప్పడం. చాలామంది స్టేషన్ పెద్దగా వచ్చే వైపు వెతుకుతారు. అక్కడ కాస్త అటూ ఇటూ తిప్పినా పెద్ద తేడా తెలియదు. తేడా తెలిసేది సిగ్నల్ మాయమయ్యే దిక్కులోనే. చట్రం కిటికీలాగా దేని వైపు ముఖం పెడితే అది మాయమవుతుంది, ఆ చోటు చాలా సన్నగా ఉంటుంది. ముందు మధ్యాహ్నం పూట హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ మీద అలవాటు చేసుకో. మీకు అది నైరుతిలో ఉంది. చట్రం ముఖం అటు తిప్పితే గొంతు సన్నగిల్లాలి. రాత్రి ఆకాశం నుంచి కూడా తరంగం దిగుతుంది కాబట్టి ఈ పరీక్ష అప్పుడు కుదరదు. చెయ్యి తిరిగాక అదే ముఖాన్ని గోల వైపు పెట్టు. పూర్తిగా పోకపోతే చట్రాన్ని కాస్త వంచి చూడు.

రిసీవర్‌లో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ ముల్లు కిందికి పడిందని దిగులు పడకు. సిగ్నల్‌కీ గోలకీ మధ్య తేడానే నాకు ముఖ్యం. గోడకి ఆనించి పెడితే మాత్రం ఈ శ్రమంతా దండగ. దగ్గరి వస్తువుల అయస్కాంత క్షేత్రం దూరంతో చాలా వేగంగా పడిపోతుంది, కాబట్టి పెరట్లో ఇంటికి పది మీటర్లు ఎడంగా పెట్టు.

ఎండాకాలం సాయంత్రాలు పిడుగుల చప్పుడే వస్తుంది. కార్తీకం దాటాక రాత్రుళ్ళు కూర్చో. విస్పర్ (WSPR) అనే, బలహీన సిగ్నల్స్ కోసం హామ్‌లు వాడే డిజిటల్ పద్ధతిలో పంపే సిగ్నల్ దాదాపు రెండు నిమిషాలు సాగుతుంది, వెడల్పు 6 హెర్ట్జే. చెవికి అందనిది కంప్యూటర్ చదివి పెడుతుంది.

ప్రశ్న: వికారాబాద్ దామగుండంలో నౌకాదళ రేడియో కేంద్రానికి 2024లో శంకుస్థాపన జరిగింది కదా. అలాంటివి ఈ లూప్‌తో వినొచ్చా?
– ఉపాధ్యాయురాలు, హన్మకొండ

జవాబు: ఈ లూప్‌తో కుదరదు, అవి ఇంకా చాలా తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటాయి మేడమ్. తిరునెల్వేలి దగ్గరి నౌకాదళ రేడియో కేంద్రం ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ 18.2 కిలోహెర్ట్జ్ మీద పంపుతుంది. దానికి ఎక్కువ చుట్ల చట్రం, చిన్న యాంప్లిఫయర్, 48 కిలోహెర్ట్జ్ వేగంతో చదివే సౌండ్ కార్డు చాలు. సందేశం సంకేతాల్లో ఉంటుంది కాబట్టి అర్థం కాదు. కంప్యూటర్ తెర మీద సిగ్నల్ గీత మాత్రం కనిపిస్తుంది. పిల్లలకు చూపించండి, వాళ్ళు తప్పకుండా ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలు నాకు రాయండి.