థీమ్ పార్కుల డిజైనింగ్‌లో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. బొమ్మలు బాగా వేస్తుంది. డిస్నీల్యాండ్ లాంటి పార్కులు డిజైన్ చేస్తానంటోంది. వాళ్ల నాన్నగారేమో బీటెక్ అంటున్నారు. అసలు అదొక ఉద్యోగమేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఉద్యోగమేనమ్మా. కాకపోతే ఆ పేరుతో నోటిఫికేషన్లు పడవు. ఈ రంగంలో పేరు తెచ్చుకున్నవాళ్లు చాలామంది వేరే పనులతో బతుకుతూ ఇటు వచ్చినవాళ్లే.

అమెరికాలో చిత్రకారిణి మేరీ బ్లెయిర్ సంగతే చూడండి. 1940లో డిస్నీ స్టూడియోలో చేరి, 1953లో బయటికొచ్చారు. ఆ తర్వాత కమర్షియల్ ఆర్టిస్ట్‌గా ప్రకటనలకు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేశారు. 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో పడవలో కూర్చుని చూసే పిల్లల బొమ్మల ప్రదర్శన కోసం వాల్ట్ డిస్నీ మళ్లీ ఆవిడనే పిలిచారు. పత్రికలో ప్రకటనను చదివేవాడు ఒక్క క్షణం చూసి పేజీ తిప్పేస్తాడు. కదిలే పడవలోంచి చూసేవాడికీ అంతే టైమ్ ఉంటుంది. రంగులతోనే చప్పున విషయం చెప్పేయడం ఆవిడకు అప్పటికే చేతికొచ్చిన విద్య. 1971లో ఫ్లోరిడాలోని డిస్నీ హోటల్ లోపల 90 అడుగుల ఎత్తున టైల్స్ కుడ్యచిత్రం కూడా ఆవిడదే.

అందుకే మీ అమ్మాయిని ముందు అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనల్లాంటి వాటికి బొమ్మలు వేయడం) వైపో, ఎగ్జిబిషన్ డిజైన్ (ప్రదర్శనల రూపకల్పన) వైపో పంపండి. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది. అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఎగ్జిబిషన్ డిజైన్ ఉంది. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్ (డిజైన్ డిగ్రీ)కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. చదువయ్యాక మొదట దొరికేవి ఈవెంట్ స్టేజీలు, మ్యూజియం గ్యాలరీలు, షాపుల ఇంటీరియర్లు, సినిమా సెట్ల పనులే. జీతం గురించి వాళ్ల నాన్నగారి టెన్షన్ నాకర్థమైంది. మొదట్లో సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకుంటే బాధే.

పోర్ట్‌ఫోలియోలో (తన పనితనం చూపించే బొమ్మల ఫైల్‌లో) కార్టూన్ క్యారెక్టర్లు నింపొద్దనండి, అందరూ అవే పెడతారు. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు స్కెచ్ బుక్‌తో తీసుకెళ్లండి. జెయింట్ వీల్ క్యూ ఎక్కడ మలుపు తిరుగుతోంది, నాన్న చెయ్యి పట్టుకున్న నాలుగేళ్ల పిల్లాడికి ఏ బోర్డు కనిపిస్తోంది, ఏ బోర్డు పెద్దవాళ్ల వీపుల వెనక పోతోంది... ఇవి గీయమనండి. పక్కన అడుగుల్లో కొలతలు రాయాలి. బొమ్మ చూసి కార్పెంటర్ పని మొదలుపెట్టగలగాలి.

ఎంపీసీ మాత్రం మాన్పించకండి. యూసీడ్‌లో బొమ్మలతో పాటు లెక్కలు, లాజిక్ కూడా అడుగుతారు.