సావిన్ పూజకు మాటలు రాస్తున్న చెల్లికి

చెల్లీ,

మీ కవెన్ (విక్కా అనే ఆధునిక పేగన్ మతంలో కలిసి పూజ చేసే గుంపు) ఈసారి సావిన్ పాఠం, అంటే చనిపోయినవాళ్లను తలుచుకునే పండుగ రాత్రి పలికే మాటలు, రాసే పని నీకు అప్పగించిందని, నాలుగైదు చోట్ల దొరికిన ముక్కల్ని కలిపి ముసాయిదా చేశానని పంపావు కదా. చదివాను. భాషకు వంక పెట్టడానికి లేదు. అయితే అది కుర్చీలో కూర్చుని చదువుకునే పాఠం. నీకు కావలసింది మెల్‌బోర్న్‌లో ఏప్రిల్ నెలాఖరున, చీకటి పడ్డాక, చలిగాలిలో పాతికమంది నిలబడి పలికే పాఠం. అందుకే అందమైన వాక్యాల సంగతి తర్వాత చూద్దాం, ముందు నోటి సంగతి, కాళ్ల సంగతి చెబుతాను.

పాఠం పలికేవాళ్ల నోటికి తగ్గట్టు ఉండాలన్న సంగతి విక్కాలో మొదటిసారి గట్టిగా నేర్చుకున్నది డోరీన్ వాలియంటే. విక్కాను లోకానికి పరిచయం చేసిన జెరాల్డ్ గార్డ్‌నర్ దగ్గర 1953లో దీక్ష తీసుకున్న ఆమె, పురాతనమని ఆయన చూపించిన పుస్తకంలో ఇంగ్లిష్ మాంత్రికుడు అలిస్టర్ క్రౌలీ వాక్యాలు చాలా ఉన్నాయని ఇట్టే పోల్చుకుంది. తిరగరాసే పని ఆమె మీదే పడింది. దేవి నోటి మాటగా ప్రీస్టెస్ పలికే 'చార్జ్' ఉంది చూశావూ, అందులో ఇటలీ మంత్రగత్తెల ఆచారాలని చెబుతూ లేలాండ్ 1899లో అచ్చువేసిన 'అరాడియా' ముక్కలు కొన్ని, క్రౌలీవి కొన్ని కలిసి ఉండేవి. క్రౌలీని చాలావరకు తీసేసి ఆమె దాన్ని ముందు పద్యంగా రాసింది. అందులోని రకరకాల దేవతల పేర్లు జనానికి నోరు తిరగలేదు. దాంతో వచనంలోకి మార్చింది. ఇవాళ దేశదేశాల కవెన్లలో వినబడేది ఆ వచనమే. అంత చెయ్యి తిరిగిన కవయిత్రి కూడా పద్యాన్ని వదులుకుంది, ఎందుకంటే పలికేవాళ్లు తడబడ్డారు. నీ ముసాయిదాలో ఒకే ఊపిరిలో ఆరుగురు దేవతల పేర్లు వరసగా వచ్చాయి. ఇద్దరిని ఉంచు.

1953లోనే చలికాలపు పండుగ యూల్‌కు ఇంకొకటి జరిగింది. ఆ రాత్రి పూజకు పాట కావాలని గార్డ్‌నర్ ఆమెకు ఆ రోజే చెప్పాడు. కార్‌మైకేల్ స్కాట్లండ్‌లో సేకరించిన గేలిక్ ప్రార్థనల నుంచి కొంత తీసుకుని అప్పటికప్పుడు రాసి ఇచ్చింది. మరుసటి ఏడు గార్డ్‌నర్ అచ్చువేసిన పుస్తకంలోకి ఎక్కేసరికి అది తరాలుగా వస్తున్న పాటలా కనిపించింది. కొత్త పాఠం ఎంత త్వరగా పాతదైపోతుందో చూడు. అందుకని నువ్వు రాసే ప్రతి పేజీ అడుగున రాసినవాళ్ల పేరు, తేదీ, ఏ ముక్క ఎక్కడిదో వెయ్యి. కొత్తగా రాశామని చెప్పుకోవడం విక్కాకు చిన్నతనమేమీ కాదు. పాతదని నమ్మించడం మాత్రం తర్వాత చేరేవాళ్లకు ద్రోహం.

ఇక వరస నీకు తెలుసు. వలయం గీయడం, నాలుగు దిక్కులను పిలవడం, దేవతలను పిలవడం, ఆ రోజు ఎందుకు కూడారో ఆ పని, రొట్టె-వైన్, వీడ్కోలు, వలయం విప్పడం. ఏ ముక్కనైనా మార్చవచ్చు. మార్చబోయే ముందు అది అక్కడ ఏ పని చేస్తోందో మార్జిన్‌లో ఒక్క మాటలో రాయి. రాయలేకపోతే దాన్ని ఇంకా ముట్టుకోకు. ఉదాహరణకు ఉప్పునీళ్లు చల్లుతూ తిరగడం విసుగనిపించి తీసేశావు. ఆ తిరుగుడుతోనే జనం మాటలాపి వలయంలో కుదురుకుంటారు. అది పోతే ఆ పని ఇంకేదైనా చెయ్యాలి, లేకపోతే తూర్పు పిలుపు సగం అయ్యేదాకా వెనక గుసగుసలు ఆగవు.

పాత పాఠాల్లో వలయం వ్యాసం 9 అడుగులు. పది మంది లోపైతే సరిపోతుంది. మీరు 25 మంది. మనిషికి 75 సెంటీమీటర్లు వేసుకున్నా చుట్టుకొలత 19 మీటర్లు, వ్యాసం 6 మీటర్లు వస్తుంది. అథామే, అంటే పూజకు వాడే కత్తి, పట్టుకుని ఆ చుట్టూ నెమ్మదిగా నడవడానికి 40 సెకన్లు చాలు. పూజలో పలికే ఇంగ్లిష్ నిమిషానికి 100 పదాలకు మించకూడదు. అంటే ఒక్క చుట్టుకు 60 పదాల పైన రాశావంటే ప్రీస్టెస్ నడక ముగించి, బయల్దేరిన చోట నిలబడి మిగతాది కాగితంలో చూసి చదువుతుంది. వలయం అక్కడే చప్పబడిపోతుంది.

దిక్కుల దగ్గర నీకు అసలు చిక్కు ఉంది. నువ్వు తీసుకున్న స్క్రిప్టులన్నీ ఉత్తరార్ధగోళానివి. అక్కడ సూర్యుడు దక్షిణంగా తిరుగుతాడు కాబట్టి అగ్ని దక్షిణాన ఉంటుంది, నడక గడియారం ముల్లు దిశలో సాగుతుంది. మెల్‌బోర్న్‌లో సూర్యుడు ఉత్తరంగా పోతాడు. వేసవిలో ఒళ్లు కాల్చే గాలి కూడా ఉత్తరం నుంచే, లోపలి ఎడారుల మీదుగా వస్తుంది. అక్కడ నిలబడి దక్షిణానికి తిరిగి అగ్నిని పిలిస్తే నోరు ఒకటి చెబుతుంది, ఒళ్లు ఇంకొకటి చెబుతుంది. అందుకే ఆస్ట్రేలియాలో చాలా గుంపులు అగ్నిని ఉత్తరానికి, భూమిని దక్షిణానికి మార్చి, సూర్యుడి వెంట, అంటే గడియారానికి ఎదురు నడుస్తాయి. అప్పుడు తూర్పు, ఉత్తరం, పడమర, దక్షిణం వరసలో పిలుస్తారు. గాలి, అగ్ని, నీరు, భూమి అన్న క్రమం మాత్రం చెదరదు. పండుగలూ అంతే. ఉత్తరాన అక్టోబర్ 31న చేసే సావిన్ మీకు ఏప్రిల్ 30 ప్రాంతంలో వస్తుంది.

గుడిలో ప్రదక్షిణకు అలవాటుపడిన మన కాళ్లకు ఆ నడక అపసవ్యంగా తోస్తుంది. తోచనీ. అది మన ఆచారం, ఇది వాళ్ల ఆచారం. ఒకదాని నియమంతో ఇంకోదాన్ని దిద్దకు. అయితే పాత పద్ధతే పట్టుకున్న గుంపులు కూడా అక్కడ ఉన్నాయి, ముందు మీవాళ్లను అడుగు. ఏ పద్ధతైనా కాగితం మీద 'డియోసిల్' (సూర్యుడి వెంట నడక) అని రాసి వదిలెయ్యకు. కొత్తవాళ్లు ఇద్దరు ఎదురెదురుగా నడిచి గుద్దుకుంటారు. 'మీ కుడి పక్కకు' అని రాయి. వలయం మధ్యకు తిరిగి నిలబడినవాళ్లకు గడియారానికి ఎదురు నడక అంటే కుడి పక్కకే.

ఇప్పుడు నీ పడమటి పిలుపు. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంది: 'పడమటి దిక్కున కొలువైన ఓ సనాతన జలాధిదేవతలారా, అంతులేని భావోద్వేగాల అగాధాలకు, అంతర్జ్ఞాన ప్రవాహాలకు అధిపతులారా, ఈ పవిత్ర వలయానికి సాక్షులై, రక్షకులై విచ్చేయవలసిందిగా మిమ్మల్ని ఆవాహన చేస్తున్నాము.' దిక్కును పిలిచేవాళ్లు బయటికి తిరిగి ఉంటారు. గొంతు చీకట్లోకి పోతుంది, ఎదుటి అంచున ఉన్నవాళ్లు 6 మీటర్ల వెనకపడతారు. ఇంత పొడుగు వాక్యంలో వాళ్లకు చేరేది రెండు మాటలు. పైగా అందులో ఒక్క చుక్క నీరు కూడా లేదు. ఇలా మార్చి చూడు:

పడమటి నీళ్లారా.
యారాలో పారేవాళ్లారా, వానగా దిగేవాళ్లారా, కళ్లలో నిలిచేవాళ్లారా.
ఈ రాత్రి మావాళ్ల పేర్లు పలుకుతాం.
మాతో ఉండండి.

నాలుగు ఊపిర్లు. ఎవరు, ఏం చేస్తారు, ఎందుకు రమ్మంటున్నాం, రండి. మీ ఊరి యారా నది నిజంగానే పడమటి వైపు పారి సముద్రంలో కలుస్తుంది కాబట్టి ఆ పేరు అక్కడ నిలబడుతుంది. చివరి మాట పొట్టిది, గొంతు కిందికి దిగేది కావడంతో అందరూ 'హెయిల్ అండ్ వెల్కమ్' అనాల్సిన క్షణం ఎవరూ సైగ చెయ్యకుండానే తెలుస్తుంది. నాలుగు దిక్కులూ అలాగే ముగించు. బతుకమ్మలో ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అంటారు, ఎవరి చేతిలోనూ కాగితం ఉండదు. జనం పలికేది ఎప్పుడూ ఒకటే కావాలి, ముందు వినిపించి ఉండాలి, మూడు నాలుగు మాటలు దాటకూడదు. చీకట్లో కాగితాలు పంచితే అందరి తలలూ వంగిపోతాయి, చేతులు పట్టుకోవడం కుదరదు. పిలిచేవాళ్లకు మాత్రం 16 పాయింట్ల అక్షరాల్లో గట్టి అట్టముక్క ఇవ్వు.

సావిన్‌కు గుండెకాయ పేర్ల ఘట్టం. నువ్వు దానికి ఒక్క లైన్ రాశావు: 'ప్రతి ఒక్కరూ తమవాళ్ల గురించి చెప్పుకుంటారు.' 25 మంది తలా రెండు నిమిషాలు మాట్లాడితే 50 నిమిషాలు. మూడో మనిషి తల్లి గురించి ఏడ్చాక నాలుగో మనిషి తన తాత పేరు చెప్పడానికి మొహమాటపడతాడు. పదిహేనో మనిషికి వచ్చేసరికి అందరూ చలికి వణుకుతూ ఎప్పుడైపోతుందా అని చూస్తుంటారు. అది చనిపోయినవాళ్లకు మర్యాద కాదు.

పేర్లు మాత్రమే చెప్పమని రాయి. మధ్యలో నీళ్ల గిన్నె, పక్కన గులకరాళ్లు. వచ్చినవాళ్లు పేరు చెప్పి రాయి వదులుతారు, మిగతావాళ్లు 'గుర్తుంది' అంటారు, కుడి పక్క మనిషి కదులుతాడు. చేతికి పని ఉంటే గొంతు నిలబడుతుంది. గొంతు రానివాళ్లు రాయి వదిలితే చాలు, దానికీ అందరూ 'గుర్తుంది' అంటారని ప్రీస్టెస్ ముందే చెప్పాలి. పెంచుకున్న కుక్క పేరు, పుట్టకుండానే పోయిన బిడ్డ పేరు కూడా చెప్పొచ్చని పైకి చెప్పించు. చెప్పకపోతే ఆ పేర్లు మోస్తున్నవాళ్లు వాటిని మనసులోనే ఉంచుకుని ఇంటికి వెళతారు. మొదటి పేరు పలికే మనిషిని ముందే ఎంచుకో. ఎంత క్లుప్తంగా చెప్పాలో మిగతావాళ్లు ఆ మనిషిని చూసి నేర్చుకుంటారు. ఆ ఏడాదే ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లుంటే పూజకు వారం ముందు మాట్లాడు. పక్కన ఎవరు నిలబడాలో వాళ్లనే అడుగు. అందరూ అయ్యాక 'ఇంకెవరి పేరైనా ఉందా?' అని, మూడు నిండు ఊపిర్లు ఆగాలి. స్క్రిప్టులో 'నిశ్శబ్దం' అని రాస్తే కంగారులో రెండు సెకన్లలో ముగించేస్తారు. 'మూడు ఊపిర్లు' అని రాయి.

తర్వాత వాళ్లను పంపించాలి. నీ పాఠంలో చనిపోయినవాళ్లను పిలిచావు, సాగనంపలేదు. కొత్త రచయితల పాఠాల్లో ఎక్కువగా కనిపించే లోటు ఇదే, జనం ఏదో తెగకుండా మిగిలిపోయినట్టు ఇంటికి పోవడానికీ ఇదే కారణం. కాగితాన్ని రెండు నిలువు భాగాలు చేసి ఎడమ పక్క పిలిచినవాళ్లందరినీ, కుడి పక్క వీడ్కోలు వాక్యాన్నీ రాయి. ఏ పేరుతో పిలిచావో ఆ పేరుతోనే పంపు. కుడి పక్క ఖాళీ ఉంటే పాఠం పూర్తికానట్టే.

కప్పు విషయం. అథామేను కప్పులో ముంచుతూ చెప్పే స్త్రీ-పురుష వాక్యాలు మీ గుంపులో కొందరికి ఇబ్బందిగా ఉన్నాయన్నావు. ఆ వాక్యం చేసే పని, రెండు వేరువేరు శక్తులు కలిసి మూడోది పుట్టిందని చూపడం. దాన్ని ఉంచుకుని మాటలు మార్చు: వానా నేలా, నిప్పూ నీరూ, ఏవైనా సరే. గార్డ్‌నర్ దీక్షా పరంపరకు చెందిన గార్డ్‌నేరియన్ గుంపైతే మాత్రం పెద్దల మాట దాటి ముట్టుకోవద్దు. ఒక్క కప్పు 25 మందికి తిరగడానికి 8 నిమిషాలకు పైనే. రెండు కప్పులను ఎదురెదురు చోట్ల మొదలుపెట్టు, ఒకటి ద్రాక్షరసం. గ్లూటెన్ పడనివాళ్ల కోసం వేరే పళ్లెం, పైన చీటీ.

ఎవరి దేవతలు, ఎవరి నేల అన్నది నువ్వు తప్పకుండా ఆలోచించాలి. పాశ్చాత్య గుంపులు కాళిని 'చీకటి తల్లి' జాబితాలో కలిపి పిలవడం మామూలే. నువ్వు తెలుగమ్మాయివి కాబట్టి ఆ వాక్యం నీ చేత రాయించాలని చూస్తారు. రాయకు. కాళికి పూజలున్నాయి, చేసేవాళ్లున్నారు, సావిన్‌లో ఆమెకు పని లేదు. తర్పణం ముక్కలు తెచ్చి కలపడమూ అంతే. మహాలయం నీ ఇంటిది, నీ ఇంట్లోనే చేసుకో. అలాగే మెల్‌బోర్న్ ఉన్నది కులిన్ అనే ఆదివాసీ జాతుల నేల. మొదట్లో ఆ జాతుల్లో ఒకరైన వురుండ్‌జెరి పెద్దలకు గౌరవం చెప్పు. వాళ్ల సృష్టికర్త బుంజిల్‌ను మాత్రం పిలవకు, ఆయన కథలు చెప్పే హక్కు ఆ జనానిది. ఏప్రిల్ 25న అక్కడ ఆన్‌జాక్ డే, దేశమంతా యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకుంటుంది. వారం తిరక్కుండా మీ సావిన్. గిన్నెలో సైనికుల పేర్లు పడతాయి, ఆ బరువుకు చోటు ఉంచు.

హక్కుల సంగతి పొట్టిగా చెబుతాను. లేలాండ్ పుస్తకం, కార్‌మైకేల్ 1900లో అచ్చువేసిన మొదటి రెండు సంపుటాలు పాతవి, స్వేచ్ఛగా వాడుకోవచ్చు. వాలియంటే 1999లో పోయింది, ఆమె రచనల హక్కులు ఇంకా ఉన్నాయి, వాటిని ఆమె పేరిట ఉన్న ఫౌండేషన్ చూస్తోంది. కవెన్‌లో పలకడం వేరు, మీ పుస్తకంలో అచ్చువేసి అమ్మడం వేరు.

విక్టోరియాలో కొన్ని ప్రాంతాల్లో మంటల మీద ఆంక్షలు ఏప్రిల్ దాకా ఉండొచ్చు, ముందే చూసుకో. డిసెంబర్‌లో వచ్చే మీ లీథాకు, అంటే నడివేసవి పండుగకు, ఇంకా కష్టం, టోటల్ ఫైర్ బ్యాన్ పడితే ఆరుబయట మంట ఊసే ఉండకూడదు. అందుకే పాఠంలో 'ఈ జ్వాల' అని కాకుండా 'ఈ వెలుగు' అని రాసుకో, బ్యాటరీ దీపం పట్టుకున్నా ఆ మాట అబద్ధం కాదు.

ఇంకో ముగ్గురిని తీసుకుని సాయంత్రం 6 దాటాక పార్కుకు వెళ్లి, నిలబడి మొత్తం పలకండి. ఊపిరి అందని చోట కామా తీసి చుక్క పెట్టు. ఒకే చోట రెండుసార్లు నాలుక తడబడితే తప్పు మాటదే. ప్రతి ముక్క పక్కన నిమిషాలు వేసి నాకు మళ్లీ పంపు. మొత్తం 50 నిమిషాలు దాటితే పేర్ల ఘట్టం జోలికి పోకు, దిక్కుల పిలుపుల్లో కోత పెట్టు.

నీ అక్క