పాత ఎంపీఎఫ్ఐ కారులో ఐడిల్, మిక్స్చర్ సరిచేయడం ఎలా?

బెంగళూరు ట్రాఫిక్‌లో సిగ్నల్ దగ్గర పాత ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కీ విడిగా ఇంజెక్టర్‌తో పెట్రోలు చిమ్మే పద్ధతి) కారు ఆగిపోతోంది, మిక్స్చర్ (గాలి, పెట్రోలు పాళ్లు) సరిచేసే స్క్రూ ఎక్కడుంటుందని అడిగారు. ఇలాంటి చాలా కార్లలో ఆ స్క్రూ ఉండదండీ, అది కార్బ్యురేటర్ల నాటి మాట. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి ఇంజన్‌ను నడిపే కంప్యూటరు, అంటే ఈసీయూయే, పెట్రోలును కొలిచి పోస్తుంది: బరువులో ఒక వంతు పెట్రోలుకి సుమారు 14.7 వంతుల గాలి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి కాస్త పలచన. దాన్నీ అదే సర్దుకుంటుంది.

ముందు ఇంజన్ చల్లారాక థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) విప్పి చూడండి. లోపల తెరుచుకుని మూసుకునే రేకు అంచున నల్లటి మసి కడితే ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, గాలి అందదు. క్లీనర్‌తో తుడవండి, ఆ సమయంలో గాలిని సర్దే ఐడిల్ వాల్వ్‌నీ శుభ్రం చేయించండి. తర్వాత ఇంజన్ పీల్పుకి కలిపిన వాక్యూమ్ గొట్టాలు ఎక్కడైనా చిట్లాయేమో చూడండి. నా కారులో బొటనవేలంత రబ్బరు గొట్టం వంపు దగ్గర చిట్లి సన్నగా బుస కొట్టేది. వేలితో మూయగానే ఆర్పీఎం నిలకడగా నిలిచింది. ఆ గొట్టం దొరికేదాకా ఎంత టెన్షన్ పడ్డానో!

ఆ రేకు ఎంతవరకు మూసుకోవాలో ఆపే థ్రాటిల్ స్టాప్ స్క్రూని మాత్రం దయచేసి తిప్పనివ్వకండి. అది ఫ్యాక్టరీ సెట్టింగ్, కదిలితే సెన్సర్ లెక్క తప్పుతుంది.