బుజ్జీ, పిల్లల బొమ్మలు దిద్దకు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీకు అంగన్‌వాడీ టీచరుగా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పగానే దేవుడి ముందు దీపం పెట్టి వచ్చాను. ఇరవై తొమ్మిదేళ్లు నేను చేసిన పని మన ఇంటి పిల్ల చేతికి వచ్చింది, నాకింకేం కావాలి! కానీ పిల్లలతో వారమంతా ఏమేం చేయించాలో రాసి సాయంత్రం నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్లాను చూశాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే 'సరే పెద్దమ్మా' అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

పొద్దున్నే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించడం, అద్దంలో చూపించి 'ఇది నేను' అనిపించడం, వీరి వీరి గుమ్మడిపండు ఆడించడం, అన్నీ బాగున్నాయి, ఉంచు. లెక్కలకు చింతగింజలు అని రాశావు, అది మాత్రం కొట్టెయ్. మూడేళ్ల పిల్లాడు ముక్కులో గింజ పెట్టుకుంటే భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తినదాన్ని నేను. ఖాళీ అగ్గిపెట్టెలు ఇవ్వు.

నాకు నిద్ర పట్టనిది శుక్రవారం గడి చూసి. 'మంచి బొమ్మలు గోడకు, వారం స్టార్‌కి స్టిక్కర్' అని రాశావు.

నాకు ఉద్యోగంలో మూడో ఏడు. మర్నాడు సూపర్‌వైజర్ విజిట్ అని కబురొచ్చింది. గోడలు బోసిగా ఉన్నాయని పిల్లలకు కాగితాలిచ్చి 'మీ అమ్మ బొమ్మ గీయండి' అన్నాను. నాలుగేళ్ల పిల్లాడొకడు ఉండేవాడు. పేరు రాయను, ఇప్పుడు వాడికే పిల్లలున్నారు. వాళ్లమ్మ మిరపకోతలకు పోయేది. వాడు పెన్సిల్‌తో పెద్ద సున్నా చుట్టి, ఆ సున్నాకే కాళ్లు, చేతులు తగిలించాడు. ఒక చెయ్యి కాగితం అంచు దాకా పోయింది. మెడా లేదు, కడుపూ లేదు. ఆ వయసులో పిల్లలు మనిషిని అలాగే గీస్తారని నాకు ట్రైనింగ్‌లో చెప్పారు కూడా. అయినా రేపు చూసి ఏమంటారో అన్న టెన్షన్‌లో, పిల్లలు ఇళ్లకు పోయాక కూర్చుని ఆ సున్నాకి మెడ పెట్టాను, చీర కట్టాను, జడ వేశాను, బొట్టు పెట్టాను. అంచు దాకా పోయిన చేతిని రబ్బరుతో చెరిపి పొట్టిది చేశాను.

సూపర్‌వైజర్ గారు గోడ చూసి మెచ్చుకున్నారు. నేను పొంగిపోయి వాణ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి 'చూడరా నీ బొమ్మ' అన్నాను. వాడు చాలాసేపు చూసి 'నాది కాదు' అన్నాడు. 'నీదేరా, ఇదిగో నీ పేరు' అన్నాను. నేను చెరిపిన చోట మసకగా మిగిలిన మరక మీద వేలు పెట్టి 'మా అమ్మ చెయ్యేది?' అన్నాడు. వాళ్లమ్మ రోజూ వాణ్ని సెంటర్లో దింపి, వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూసి చెయ్యి ఊపుతూ పోయేది. వాడు గీసింది ఆ చెయ్యి.

ఆ తర్వాత వాడు పెన్సిల్ పట్టుకోలేదు. తెచ్చి నా చేతిలో పెట్టి 'నువ్వే గియ్యి టీచరమ్మా, నాకు రాదు' అనేవాడు. బడికి వెళ్లేదాకా అదే మాట. ఒక్క దెబ్బ వెయ్యకుండా, పల్లెత్తు మాట అనకుండా, నాలుగేళ్ల పిల్లాడికి 'నాకు రాదు' అనడం నేర్పాను బుజ్జీ.

స్టార్ తీసెయ్. ఇరవై మందిలో ఒకరికి స్టార్ అంటే మిగతా పంతొమ్మిది మంది రోజూ ఆ గోడ కింద కూర్చుని అన్నం తినాలి. అందరి బొమ్మలూ వాళ్లకు అందే ఎత్తులో పెట్టు. 'బాగుంది' అని వదిలెయ్యకు. 'ఈ గీత ఎక్కడికి పోతోంది?' అని అడిగి, వాడు చెప్పిన మాటే కింద రాసిపెట్టు.

ఆత్మవిశ్వాసానికని విడిగా గంట పెట్టావు. నన్నడిగితే దానికి మధ్యాహ్నం గుడ్డు చాలు. ఆయమ్మ పని తొందరగా అవుతుందని వొలిచి పెడుతుంది. వద్దను. పిల్ల దాన్ని పళ్లేనికి కొట్టి, పెంకు పగుల్లోకి గోరు దూర్చి, సగం తెల్లసొన పెంకుతో పాటే ఊడగొట్టి, పావుగంటకి గుంటలు పడ్డ గుడ్డును పైకెత్తి 'నేనే వొలిచా' అంటుంది చూడు! ఇటలీ డాక్టరమ్మ మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారు వచ్చి మన టీచర్లకు నేర్పింది ఇదే. గుండీలు పెట్టుకోవడం, నీళ్లు వంపుకోవడం ఆవిడ లెక్కలో పాఠాలు. మీకు 2024లో కేంద్రం ఇచ్చిన 'ఆధారశిల' పాఠ్యప్రణాళిక కూడా ఆటతోనే చదువు అంటోంది కదా.

బరువులు తూచే రోజు జాగ్రత్త. పెరుగుదల చార్టులో పిల్ల బరువు ఏ రంగులో పడిందో తల్లిని పక్కకు పిలిచి చెప్పు. పదిమందిలో 'బక్కది' అన్న పేరు పడితే అది పెళ్లి దాకా పోదు.

అల్లరి పిల్లలతో నీకు ఇబ్బంది రాదు. మెదలకుండా మూల కూర్చునేవాళ్లు ఉంటారు. బుద్ధిమంతులు అనుకుని వాళ్లను మర్చిపోకు. రోజుకొకసారి వెళ్లి పక్కన కూర్చో. ఏమీ అడగక్కర్లేదు.

నువ్వూ అలాంటి పిల్లవే. ఒక్క అక్షరం వంకర పోతే నోట్‌బుక్‌లో పేజీ చింపేసి ఏడ్చేదానివి. మీ అమ్మ అరిస్తే నా వెనక దాక్కునేదానివి. మొదటి నెలలో నువ్వు అనుకున్నవి సగం కూడా జరగవు. ప్లాను పుస్తకంలో పేజీలు చింపావని తెలిస్తే ఊరుకోను. వేళకి అన్నం తిను.

పిల్లలు బొమ్మలతో ఆడుకునే మూలకి పాత చీరలు నాలుగు ఉతికి మూట కట్టాను. ఆదివారం వచ్చి తీసుకెళ్లు. పళ్లేలు కొనేటప్పుడు అంచున్నవి చూసుకో, చదునువైతే గుడ్లు దొర్లిపోతాయి.

ఇట్లు,
పెద్దమ్మ