ఆచార్య పీఠం చరిత్ర రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో కెల్టిక్ చదువుల (గాలిక్, ఐరిష్, వెల్ష్ వంటి భాషల చదువుల) చరిత్ర మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. 1882లో పీఠం, మొదటి ఆచార్యుడు డొనాల్డ్ మెకినన్, 1914లో డబ్ల్యూ.జె. వాట్సన్... వంశావళిలా సాగింది. తేదీలు సరిగ్గానే ఉన్నాయి, కథే లేదు.

పదేళ్లు వెనక్కి వెళ్లు. 1872 స్కాట్లండ్ విద్యా చట్టంలో అక్కడి కొండప్రాంతాల, దీవుల భాష గాలిక్ ఊసే లేదు. బడిలోనే చోటు దొరకని భాషకు పీఠం కావాలని చందాలకు తిరిగినవాడు గ్రీకు ఆచార్యుడు జాన్ స్టువర్ట్ బ్లాకీ. ఎవరిని అడిగాడో, ఎవరిచ్చారో వెతుకు. మెకినన్ పీఠమెక్కిన మరుసటి ఏడే, ఉత్తర స్కాట్లండ్ కొండప్రాంతమైన హైలాండ్స్ చిన్న కౌలుదార్ల గోడు విన్న నేపియర్ కమిషన్‌లో సభ్యుడయ్యాడు. దీనికి నువ్వు ఒక్క వాక్యమైనా ఇవ్వలేదు.

అసలు సరుకు వాట్సన్ ఇంట్లో ఉంది. ఆయన మామగారు అలెగ్జాండర్ కార్మైకేల్ ఎక్సైజ్ ఉద్యోగి. స్కాట్లండ్ దీవులు తిరుగుతూ ప్రార్థనలు, మంత్రాలు, పాటలు రాసుకుని, 1900లో ‘కార్మినా గడెలికా’ రెండు సంపుటాలు 300 ప్రతులు వేయించాడు. ఆయన మనవడు, అంటే వాట్సన్ కొడుకు, జేమ్స్ 1938లో తండ్రి తర్వాత అదే పీఠానికి వచ్చి, 1940, 41లలో మరో రెండు సంపుటాలు తెచ్చాడు. 1942లో నౌకాదళంలో ఉండగా యుద్ధంలో పోయాడు. తాతగారి నోటుపుస్తకాలు ఇప్పుడు విశ్వవిద్యాలయ లైబ్రరీలో కార్మైకేల్-వాట్సన్ సేకరణలో ఉన్నాయి.

ఒక్క ప్రార్థన తీసుకో. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు నోటుపుస్తకంలోని పాఠం, కుడివైపు అచ్చు పాఠం పాదం పాదంగా ఎక్కించు. మారిన మాటల కింద గీత పెట్టు. చెప్పిన మనిషి పేరు, ఊరు, తేదీ రెండుచోట్లా ఉన్నాయేమో చూడు. కార్మైకేల్ పాఠాలకు నగిషీ చెక్కేవాడు. అచ్చులోని పాదాన్ని ‘ఫలానా ముసలమ్మ అన్నది’ అని రాస్తే, ఆవిడ అనని మాట ఆవిడ నోట పెట్టినట్టే. కొత్తవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే.

1951లో వచ్చిన స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్‌ను కెల్టిక్ శాఖలో కలిపేశావు. విడదీయి. అక్కడ పని జానపదుల పాటలు, కథల కోసం టేపు రికార్డరు పట్టుకుని ఊళ్లు తిరగడం. మొదట ఆ పనికి వచ్చినవాడు కాలమ్ మెక్లీన్. శాఖలో అదే కాలపు ఆచార్యుడు కెనెత్ జాక్సన్ అయితే భాషాచరిత్రలో దిట్ట. ఈ రెండు పద్ధతులను పక్కపక్కన పెడితే నీ ఆఖరి అధ్యాయం నిలబడుతుంది.

పేర్ల విషయంలో జాగ్రత్త. ‘సెల్టిక్’ గ్లాస్గో ఫుట్‌బాల్ జట్టు, చదువు మాత్రం ‘కెల్టిక్’. స్కాట్లండ్ కెల్టిక్ భాషను వాళ్లు ‘గాలిక్’ అంటారు. ‘స్కాట్స్’ దానికి దగ్గర సంబంధం లేని వేరే భాష, ఇంగ్లీషుకు చుట్టం.

మన ఊళ్ల చరిత్రలైన కైఫియత్తులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ గాలిక్ మాట్లాడే స్కాట్లండ్ లూయిస్ దీవివాడే. అయినా ఆయన్ని ఇందులోకి లాగకు. ఆయన 1821లో పోయాడు, పీఠం రావడానికి ఇంకా అరవై ఏళ్లుంది.

ఆ రెండు వరుసల కాగితం తయారయ్యాక ముందు అదొక్కటే పంపు. మిగతాది తర్వాత చూద్దాం.